జీర్ణోద్ధరణ
(పాత ఉక్కు సైకిలును నిత్యప్రయాణానికి సిద్ధం చేయడం)

పాఠ్యాంశ నేపథ్యం

యంత్రాన్ని వాడుకొని పారవేయడం అలవాటైన కాలమిది. చెడిన వస్తువును బాగుచేసుకొనే నేర్పు క్రమంగా మరుగున పడుతున్నది. గత శతాబ్దంలో ఇంగ్లండు, ఇటలీ, అమెరికా వంటి దేశాలలో వాడుకలో ఉండిన ఉక్కు రేసు సైకిళ్ళను నేటి అవసరాలకు అనువుగా మలచుకొనే విధానాన్ని ఈ పాఠం వివరిస్తుంది. పాతదానిలో దేనిని నిలుపుకోవాలి, దేనిని మార్చుకోవాలి అనే వివేకాన్ని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శిథిలమైన దానిని తిరిగి నిలబెట్టడాన్ని జీర్ణోద్ధరణ అంటారు. ఈ మాట వినగానే పాడుబడిన దేవాలయమో, పూడిపోయిన చెరువో మన మనసులో మెదలుతుంది. కాని జీర్ణోద్ధరణ కట్టడాలకు మాత్రమే పరిమితమైనది కాదు. మనిషి చేతికి ఉపకరించే ప్రతి పనిముట్టుకూ అది వర్తిస్తుంది. యాభై సంవత్సరాల నాటి ఉక్కు సైకిలును మరల వీధిలోకి తెచ్చి, ప్రతిదినం కార్యాలయానికో కళాశాలకో దానిపై వెళ్ళడం కూడా ఒక జీర్ణోద్ధరణమే. పని చిన్నదిగా కనిపించినా అందులో ఇమిడి ఉన్న ఆలోచన చిన్నది కాదు.

ఈ సైకిళ్ళ విలువ తెలియాలంటే వాటి పుట్టుకను కొంత తెలుసుకోవాలి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరం ఒకప్పుడు సైకిళ్ళ తయారీకి ప్రసిద్ధి వహించింది. పందొమ్మిదవ శతాబ్దం చివరలో అక్కడి రాలీ వీధిలో మొదలైన ఒక చిన్న కార్యశాల, ఆ వీధి పేరుతోనే రాలీ కంపెనీగా ఎదిగి ప్రపంచమంతటికీ సైకిళ్ళను పంపింది. అదే కాలంలో బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ సంస్థ సైకిలు చట్రాలకు కావలసిన గొట్టాల తయారీలో గొప్ప మార్పు తెచ్చింది. గొట్టం చివరలు మరొక గొట్టంతో అతుకు పడే చోట్లు. బరువు, కుదుపు, అతికేటప్పటి వేడి అన్నీ అక్కడే పడతాయి. కాబట్టి చివరలను మందంగా, నడుమ భాగాన్ని పలుచగా ఉంచే పద్ధతికి ఆ సంస్థ 1897లో పేటెంటు పొందింది. అవసరమైన చోట బలం, అవసరం లేని చోట తేలికదనం అన్నది అందులోని సూత్రం. 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిసిన ఉక్కుతో ఆ సంస్థ తయారుచేసిన '531' గొట్టాలు దశాబ్దాల పాటు మేలైన సైకిళ్ళకు ప్రమాణంగా నిలిచాయి.

ఈ చరిత్రకు మన దేశంతో కూడ సంబంధం ఉంది. రేనాల్డ్స్ సంస్థ ఒకప్పుడు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ సంస్థలో భాగంగా ఉండేది. ఆ బ్రిటిష్ సంస్థ సహకారంతోనే మురుగప్ప కుటుంబం వారు 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్‌ను స్థాపించారు. తెలుగు పల్లెలలో పాలకావిళ్ళను, ధాన్యపు బస్తాలను, బడిపిల్లలను మోసిన హెర్క్యులెస్ సైకిళ్ళు ఆ కర్మాగారం నుంచి వచ్చినవే. మన హెర్క్యులెస్ బరువులు మోయడానికి పుట్టినది. ఈ పాఠంలో చెప్పుకొనే రేసు సైకిలు వేగం కోసం పుట్టినది. స్వభావాలు వేరైనా రెండింటి ప్రాణం ఉక్కు గొట్టమే.

1970వ దశకం ఆరంభంలో అమెరికాలో సైకిళ్ళకు అపూర్వమైన ఆదరణ కలిగింది. 1973లో ఆ దేశంలో దాదాపు కోటి యాభై లక్షల సైకిళ్ళు అమ్ముడుపోయాయి. ఆ కాలంలో కొన్ని సంవత్సరాల పాటు అక్కడ కార్లకంటె సైకిళ్ళే ఎక్కువగా అమ్ముడుపోయాయి. ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీ, జపాన్ దేశాల నుంచి పది గేర్ల సైకిళ్ళు ఓడలలో తరలివెళ్ళాయి. ఉత్సాహం తగ్గిన తరువాత వాటిలో ఎన్నో ఇళ్ళ అడుగు గదులలోను, కార్ల షెడ్లలోను మూలపడ్డాయి. తుప్పు పట్టి, టైర్లు చీలి, గొలుసు బిగుసుకుపోయి ఉన్నా వాటి చట్రాలు చాలావరకు చెక్కుచెదరలేదు. నేడు జీర్ణోద్ధరణకు నోచుకొంటున్నవి అటువంటి సైకిళ్ళే.

అయితే పాతదైన ప్రతి సైకిలూ మేలైనది కాదు. ఆ కాలపు సైకిళ్ళలో చాలా వాటికి 531 గొట్టాలు లేవు. సాధారణమైన బరువైన ఉక్కే ఉండేది. అంతకంటె ముఖ్యంగా, చట్రం క్షేమంగా ఉన్నదో లేదో మొదట పరీక్షించాలి. ముందు ఫోర్కుకు దగ్గరగా, పై గొట్టం, వాలు గొట్టం అడుగుభాగాలను వేలితో తడిమి చూడాలి. అక్కడ ఉబ్బు గాని, ముడత గాని, రంగు చిట్లిన గీత గాని ఉంటే ఆ సైకిలు ఎప్పుడో దేనినో బలంగా ఢీకొన్నదని అర్థం. పెడళ్ళ ఇరుసు చుట్టూ ఉన్న అతుకుల వద్ద పగులు ఉన్నదేమో చూడాలి. సీటు కాడ కదులుతున్నదో లేదో పరీక్షించాలి. అల్యూమినియం కాడ ఉక్కు గొట్టంలో ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే, తేమ వల్ల ఆ రెండు లోహాల నడుమ రసాయనిక చర్య జరిగి రెండూ ఒకటిగా బిగుసుకుపోతాయి. దానిని ఊడదీయడానికి పట్టే శ్రమ ఒక్కొక్కసారి సైకిలు వెలను మించిపోతుంది. పరీక్షలో నిలవని చట్రాన్ని అభిమానం కొద్దీ వాడడం ప్రాణాపాయానికి దారితీస్తుంది. వదలవలసిన దానిని వదలడం కూడా జీర్ణోద్ధరణలో మొదటి పాఠమే.

పరీక్ష ముగిసిన తరువాత విడదీయడం మొదలవుతుంది. ఇక్కడ బలం కంటె తెలివి ముఖ్యం. లోకంలో చాలా మరలు కుడివైపు తిప్పితే బిగుస్తాయి. ఎడమవైపు తిప్పితే వదులవుతాయి. కాని సైకిలు ఎడమ పెడలు మర ఇందుకు విరుద్ధం. ఇంగ్లీషు పద్ధతిలో తయారైన సైకిళ్ళలో పెడళ్ళ ఇరుసును పట్టి ఉంచే కుడివైపు గిన్నె మర కూడా విరుద్ధంగానే ఉంటుంది. తొక్కేటప్పుడు కలిగే ఒత్తిడికి మర తనంతట తాను ఊడిపోకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇటలీ సైకిళ్ళలో మాత్రం రెండు గిన్నెలకూ మామూలు మరలే ఉంటాయి. ఈ భేదం తెలియక పానాతో బలంగా తిప్పిన వాడు వదులు చేస్తున్నానని భ్రమించి మరింత బిగిస్తాడు. చివరకు మర అరిగిపోతుంది. వస్తువు ఏ దేశంలో, ఏ సంప్రదాయంలో పుట్టిందో తెలుసుకొనిగాని దానిపై చేయి వేయరాదని ఈ చిన్న మర బోధిస్తుంది.

విడదీసిన భాగాలను కిరసనాయిలుతో కడిగి, పాత గ్రీజును తుడిచివేయాలి. అది కొన్ని సైకిళ్ళలో ఎండి మైనంలా గట్టిపడి ఉంటుంది. బేరింగులలోని ఉక్కు గుండ్లు తక్కువ ధరకే దొరుకుతాయి గనుక వాటిని మార్చడమే మంచిది. అవి దొర్లే గిన్నెలలో గుంటలు పడి ఉంటే ఆ గిన్నెలను కూడ మార్చాలి. గొలుసు అరుగుదలను కొలవడానికి మామూలు స్కేలు చాలు. కొత్త గొలుసులో ఇరవైనాలుగు లంకెల పొడవు సరిగా పన్నెండు అంగుళాలు. అది అంగుళంలో పదహారవ వంతు పెరిగితే గొలుసును మార్చాలి. ఎనిమిదవ వంతు పెరిగిందంటే పళ్ళచక్రాలు కూడ అరిగిపోయి ఉంటాయి. తుప్పు తొలగించడానికి కొందరు ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీటిని వాడతారు. అది విషపదార్థం, చేతులకు తొడుగులు లేకుండా దానిని ముట్టరాదు. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నందువల్ల పొడిగా గీకి ఆ ధూళిని పీల్చడం కూడా ప్రమాదకరమే.

నిత్యప్రయాణానికి తప్పనిసరిగా చేయవలసిన మొదటి మార్పు చక్రాలలో ఉంటుంది. ఆనాటి తక్కువ వెల సైకిళ్ళకు క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ములు ఉండేవి. అవి అద్దంలా మెరుస్తాయి గాని, వాన కురిసినప్పుడు బ్రేకు రబ్బరు వాటిపై జారిపోతుంది. వానలో ఆగని సైకిలు ఎంత అందమైనదైనా వీధికి తగదు. అందువల్ల వాటి స్థానంలో అల్యూమినియం మిశ్రమ లోహపు రిమ్ములను అమర్చుతారు. ఇక్కడ మరొక చిక్కు ఉంది. అమెరికాకు వెళ్ళిన పాత సైకిళ్ళలో చాలా వాటికి 27 అంగుళాల చక్రాలు ఉండేవి. వాటి రిమ్ముపై టైరు అంచు కూర్చొనే చోట వ్యాసం 630 మిల్లీమీటర్లు. నేడు ఎక్కువగా దొరికే 700సి చక్రానికి ఆ కొలత 622 మిల్లీమీటర్లు. వ్యాసంలో తేడా 8 మిల్లీమీటర్లయితే, బ్రేకు రబ్బరు దిగవలసిన దూరం అందులో సగం, అనగా 4 మిల్లీమీటర్లు. బ్రేకు చేతులకు అంత అందుబాటు ఉంటే మార్పు సులభం. లేకుంటే పొడవైన చేతులున్న బ్రేకులను వెదకాలి. చిన్న చక్రం వల్ల ఒక లాభం కూడ ఉంది. చట్రానికి, చక్రానికి మధ్య ఖాళీ కొంత పెరిగి, వెడల్పైన టైరుకు, మడ్‌గార్డుకు చోటు దొరుకుతుంది.

వెనుక చక్రం విషయంలో ఉక్కు తన గొప్పతనాన్ని చూపుతుంది. ఐదు పళ్ళచక్రాల కాలంలో వెనుక ఫోర్కు నడుమ వెడల్పు 120 మిల్లీమీటర్లు ఉండేది. ఆరు, ఏడు పళ్ళచక్రాలు వచ్చాక అది 126 అయింది. ఆ తరువాత రేసు సైకిళ్ళలో 130కి పెరిగింది. 126 మిల్లీమీటర్ల ఉక్కు చట్రాన్ని ఒక్కొక్క వైపు 2 మిల్లీమీటర్ల చొప్పున నిదానంగా వంచి, కొత్త హబ్బుకు అనువుగా విస్తరించవచ్చు. వేడి చేయనవసరం లేదు. వంచిన తరువాత రెండు వైపులా సమానంగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఒక దారం చాలు. వెనుక ఇరుసు పట్టే ఒక కొన నుంచి దారాన్ని ముందు గొట్టం చుట్టూ తిప్పి రెండవ కొనకు బిగించి కట్టాలి. సీటు గొట్టం నుంచి దారానికి రెండు వైపులా ఒకే దూరం ఉంటే చట్రం తిన్నగా ఉన్నట్లే. అల్యూమినియం చట్రాన్ని గాని, కార్బన్ చట్రాన్ని గాని ఈ విధంగా వంచరాదు, అవి పగిలిపోతాయి. వంగి కూడ విరగకపోవడం, దెబ్బతిన్న గొట్టాన్ని తీసివేసి మరొకటి అతకడానికి అవకాశమివ్వడం ఉక్కుకు గల సుగుణాలు.

తరువాత గేర్ల విషయం. రేసు సైకిలు బలిష్ఠుడైన యువకుని కోసం రూపొందినది. ముందు 52, 42 పళ్ళ చక్రాలు, వెనుక 14 నుంచి 24 వరకు పళ్ళున్న చక్రాలు అందులో సాధారణం. 52 పళ్ళ చక్రంపై, వెనుక 14 పళ్ళ చక్రంతో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 8 మీటర్లు ముందుకు సాగుతుంది. అన్నిటికంటె తేలికైన గేరులో కూడ, అనగా 42, 24 పళ్ళ జతలో, సుమారు 3.8 మీటర్లు సాగుతుంది. పుస్తకాల సంచితోనో, కూరగాయల బుట్టతోనో గట్టు ఎక్కే వానికి ఆ గేరు భారమే. ముందు 34 పళ్ళు, వెనుక 28 పళ్ళు ఉన్న చక్రాలను అమర్చితే ఆ దూరం సుమారు 2.6 మీటర్లకు తగ్గుతుంది. మోకాళ్ళపై భారమూ తగ్గుతుంది. పాత రేసు క్రాంకులలో కొన్నింటికి 41 పళ్ళకంటె చిన్న చక్రం అమరదు గనుక క్రాంకునే మార్చవలసి రావచ్చు. చదునైన ఊళ్ళలో ఉండేవారు మరొక దారి ఎంచుకొంటారు. నాటింగ్‌హామ్‌లోనే పుట్టిన స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బును వెనుక చక్రంలో అమర్చుకొంటారు. గేర్లన్నీ హబ్బు లోపలే దాగి ఉండడం వల్ల వానకు, దుమ్ముకు అవి చెడవు.

కూర్చొనే తీరు కూడ మారవలసినదే. రేసు సైకిలు హ్యాండిలు కిందికి వంగి, తొక్కేవాని నడుమును వంచుతుంది. వాహనాల మధ్య ప్రయాణించే వానికి తల ఎత్తి నాలుగు దిక్కులా చూడగలగడం అవసరం. అందుకై హ్యాండిలును ఎత్తు చేయడమో, తిన్నని హ్యాండిలును అమర్చడమో చేస్తారు. ఎత్తు చేసేటప్పుడు హ్యాండిలు కాడపై చెక్కిన కనీసపు గీత గొట్టంలోపలే ఉండాలి. ఆ గీత బయటికి కనిపిస్తే కాడ విరిగిపోయే ప్రమాదం ఉంది. 1970వ దశకపు సైకిళ్ళలో బ్రేకు పిడులకు అదనంగా మరొక జత పిడులు ఉండేవి. సౌకర్యం కోసం ఏర్పరచిన ఈ పిడులు వంగిపోతూ, బ్రేకు పూర్తిగా పడకుండా అడ్డుపడేవి. వాటిని తొలగించడమే క్షేమం. ఆపైన మడ్‌గార్డులు, క్యారియరు, దీపం, గంట అమర్చితే రేసు గుర్రం ఇంటి గుర్రమవుతుంది.

ఇక్కడ ఒక ధర్మసందేహం కలుగుతుంది. ఇన్ని మార్పులు చేసిన తరువాత అది పాత సైకిలే అనవచ్చునా? దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, గయోలె ఇన్ కియాంటి అనే ఊరిలో 1997 నుంచి 'ఎరోయికా' అనే సైకిలు యాత్ర జరుగుతున్నది. ఆ ప్రాంతపు తెల్లని మట్టిబాటలను కాపాడుకోవాలన్న తలంపుతో అది పుట్టింది. అందులో 1987కు ముందునాటి తీరులో ఉన్న సైకిళ్ళకే ప్రాధాన్యం. గేరు మీటలు కూడ చట్రపు వాలు గొట్టం మీదనే ఉండాలి. అక్కడ యథాతథంగా నిలపడమే గౌరవం. నిత్యప్రయాణికునికి మాత్రం సైకిలు ప్రదర్శనవస్తువు కాదు, కాలు వంటిది. అతని దృష్టిలో గోడకు వేలాడే సైకిలుకంటె వీధిలో తిరిగే సైకిలుకే జీవం ఎక్కువ.

ఈ రెండు దృష్టులకూ సమన్వయం లేకపోలేదు. తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు లేఖకుని పొరపాటును సవరిస్తాడు. కవి మాటను మాత్రం తన ఇష్టానుసారం మార్చడు. అనుమానమున్న చోట పాత పాఠాన్ని పుట అడుగున భద్రపరుస్తాడు. సైకిలును ఉద్ధరించేవాడూ అదే మార్గాన్ని అనుసరించాలి. టైరు, బ్రేకు రబ్బరు, తీగ, గొలుసు అరిగిపోవడానికే పుట్టినవి; వాటిని మార్చడంలో సంకోచం అక్కరలేదు. చట్రం, దాని అతుకులు, తయారుచేసినవారి చిహ్నం, తొలినాటి రంగు ఆ సైకిలు స్వరూపం. రంగును ఒకసారి గీకివేస్తే తొలి రంగు మరల రాదు. ఏ మార్పు చేసినా అది మరల వెనుకకు తీసుకోదగినదై ఉండాలి. చట్రానికి రంధ్రాలు చేయడం, అతుకులను కోయడం తగని పనులు. తీసివేసిన పాత భాగాలను ఒక పెట్టెలో భద్రపరిస్తే, తరువాతి తరం వారు తమకు నచ్చిన నిర్ణయం తీసుకోగలుగుతారు.

ఈ విద్య నిలిచి ఉండడానికి కొందరి నిస్వార్థ కృషి కారణం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన షెల్డన్ బ్రౌన్ (1944-2008) అనే మెకానిక్కు పాత సైకిళ్ళ మరలు, కొలతలు, టైర్ల భేదాలు, మరమ్మతు పద్ధతులను గురించి వందలాది వ్యాసాలు రాసి అందరికీ ఉచితంగా అందించాడు. ఆయన మరణించిన తరువాత కూడ ఎక్కడో ఒక చోట పాత సైకిలును విప్పుతున్న వారు ఆ వ్యాసాలనే ఆశ్రయిస్తున్నారు.

నాటింగ్‌హామ్‌లో రాలీ సైకిళ్ళ తయారీ 2002లో ముగిసింది. స్టర్మీ-ఆర్చర్ సంస్థను అంతకు రెండేళ్ళ ముందు తైవాన్ సంస్థ ఒకటి కొనుగోలు చేసింది. కర్మాగారాలు మూతపడినా వాటి సైకిళ్ళు ఇంకా నడుస్తున్నాయి. ఇందుకు ఉక్కు బలం ఒక్కటే కారణం కాదు. మామూలు పానాలతో విప్పడానికి, అరిగిన భాగాన్ని మాత్రమే మార్చడానికి వీలుగా వాటిని తయారుచేశారు. తయారుచేసిన వాడు కొన్నవానిపై ఉంచిన నమ్మకం అది. నేటి వస్తువులలో ఎన్నో మూతలు అతికి ఉంటాయి. లోపల ఏమి చెడిందో చూడడానికి కూడ వీలుండదు. అటువంటి వస్తువు చెడిన రోజే చెత్త అవుతుంది.

పాతదన్న కారణం చేత దేనినీ పూజించనక్కరలేదు. పాతదన్న కారణం చేత దేనినీ పారవేయనూ అక్కరలేదు. పరీక్షించి, పనికిరానిది వదలి, అరిగినది మార్చి, నిలిచేది నిలుపుకోవడమే వివేకం. ఆ వివేకంతో చేయి వేసిన వానికి సైకిలు ఒక్కటే దక్కదు. దానిని చేసినవారి ఆలోచన కూడ అర్థమవుతుంది. వస్తువును బాగుచేయగలవాడు ఆ వస్తువుకు నిజమైన యజమాని.

కఠిన పదాలు - అర్థాలు

జీర్ణోద్ధరణ : శిథిలమైన దానిని తిరిగి బాగుచేయడం
అపూర్వం : ఇంతకు ముందు లేనిది
యథాతథం : ఉన్నది ఉన్నట్లు
సమన్వయం : పొందిక, కలయిక
పరిష్కరించు : గ్రంథంలోని తప్పులను సవరించు
లేఖకుడు : వ్రాయసగాడు, ప్రతిని రాసేవాడు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత ఉక్కు సైకిలును నిత్యప్రయాణానికి సిద్ధం చేసే క్రమాన్ని వివరించండి.
2. తాళపత్ర గ్రంథ పరిష్కరణకు, సైకిలు జీర్ణోద్ధరణకు గల పోలికను పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. రేనాల్డ్స్ గొట్టాల తయారీలోని సూత్రమేమిటి?
2. చట్రాన్ని ముందుగా ఎందుకు పరీక్షించాలి?
3. దారంతో చట్రాన్ని పరీక్షించే పద్ధతిని తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. టి.ఐ. సైకిల్స్ ఏ సంవత్సరంలో స్థాపితమైంది?
2. 27 అంగుళాల చక్రానికి, 700సి చక్రానికి రిమ్ము వ్యాసంలో తేడా ఎంత?
3. ఎరోయికా యాత్ర ఏ దేశంలో జరుగుతుంది?

IV. విడదీసి సంధుల పేర్లు రాయండి
జీర్ణోద్ధరణ, ప్రాణాపాయం, ఇష్టానుసారం

V. విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి
తాళపత్రాలు, ధర్మసందేహం, నాలుగు దిక్కులు